గొంతు ఆమెది, ముల్లు అతనిది

మన దేశంలో గ్రామఫోను చరిత్ర స్త్రీల గొంతుతోనే మొదలైంది. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ లండన్ నుంచి రికార్డింగు సామగ్రితో కలకత్తా వచ్చాడు. అతను ఆ తొలి రోజుల్లో పాడించినవాళ్లలో నాటకశాల అమ్మాయిలు శశిముఖి, ఫణిబాల ఉన్నారు, తవాయిఫ్ గౌహర్ జాన్ ఉంది. పాట చివర గౌహర్ జాన్ తన పేరు ఇంగ్లీషులో తానే చెప్పుకునేది. ప్లేట్లు ముద్రించేది జర్మనీలోని హానోవర్‌లో. ఏ ప్లేటు ఎవరిదో అక్కడివాళ్లకు తెలియాలి కదా! కారణం ఏదైనా, ఒక స్త్రీ తన పేరును తన గొంతుతోనే చరిత్రలో నమోదు చేసుకుంది.

దక్షిణాదిలోనూ అంతే. కుటుంబ స్త్రీలు రికార్డు కివ్వడం అప్రతిష్ఠగా భావించిన కాలంలో కంపెనీలకు గొంతునిచ్చింది దేవదాసీ, కళావంతుల స్త్రీలే. బెంగుళూరు నాగరత్నమ్మ పేరు వినగానే మనకు ముద్దుపళని 'రాధికా సాంత్వనం' గుర్తొస్తుంది. 1910లో ఆమె దాన్ని పరిష్కరించి అచ్చువేయించడం, మరుసటి ఏడాదే ప్రభుత్వం నిషేధించడం, ఆ నిషేధం 1947లో గాని తొలగకపోవడం మనం ఎన్నోసార్లు చెప్పుకున్నాం. ఆమె గొంతు గ్రామఫోను ప్లేట్ల మీద కూడా ఉందన్న సంగతి అంతగా చెప్పుకోలేదు. పుస్తకాన్ని నిషేధించిన ప్రభుత్వానికి ఆ ప్లేటు అభ్యంతరం కాలేదు.

అయితే ఈ చరిత్రలో మనం అడగని ప్రశ్న ఒకటుంది. రికార్డు మీద గొంతు ఎవరిదో లేబులు చెబుతుంది. ఆ రికార్డు మీద ముల్లు పెట్టిన చెయ్యి ఎవరిది? ఏ పాట తర్వాత ఏ పాట రావాలో నిర్ణయించింది ఎవరు?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. బెంగుళూరులో ఉండే మా అక్క కూతురు, ఉద్యోగం మారి వేరే దేశం వెళ్తూ రెండు టర్న్‌టేబుళ్లు, ఒక మిక్సరు, ఒక పెట్టెడు రికార్డులు వడమాలపేటలో మా ఇంట్లో పెట్టింది. వెళ్లేముందు పది రోజులుండి వాటిని వాడటం నేర్పింది. అప్పటినుంచి రెండు రికార్డుల లయ కలపడం నేర్చుకుంటున్నాను. డీజేలు దీన్ని బీట్‌మ్యాచింగ్ అంటారు.

చెప్పడానికి సులువైన పని. ఒక రికార్డు అందరికీ వినిపిస్తూ ఉంటుంది. రెండోది మీ హెడ్‌ఫోన్‌లో మీకు మాత్రమే వినిపిస్తుంది. ఒక చెవి బయటి పాటకు, ఒక చెవి లోపలి పాటకు. పదిహేను సెకన్లలో ఎన్ని దరువులు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే నిమిషానికి దాని వేగం తెలుస్తుంది. బయటిది 124, లోపలిది 120 అయితే రెండోదాని వేగం మూడుశాతానికి కొద్దిగా పైన పెంచాలి. అందుకు పక్కన ఒక మీట ఉంటుంది. రికార్డు కింద మెత్తటి ఫెల్టు గుడ్డ ఉంటుంది కనుక, పళ్లెం తిరుగుతున్నా రికార్డును వేలితో ఆపి ఉంచవచ్చు. బయటి పాటలో ఆవృత్తం మొదలయ్యే చోట వేలు వదిలేయాలి. రెండు దరువులూ ఒకదాని మీద ఒకటి పడితే ఒకటిగా వినిపిస్తాయి. తేడా ఉంటే గుర్రం పరుగెత్తినట్టు టకటకమంటాయి. అప్పుడు వెనకబడిన రికార్డును వేలితో కాస్త తొయ్యాలి, ముందుకుపోయినదాన్ని పళ్లెం అంచు మీద వేలు ఆనించి కాస్త పట్టాలి. గాజులు అంచుకు తగులుతాయి కనుక మోచేతి పైకి నెట్టుకోవాలి.

వేగం పెంచితే శ్రుతి కూడా పెరుగుతుంది. ఆరుశాతం పెంచితే పాట దాదాపు ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. అందుకే లయ కలిసినా శ్రుతి కలవని జంటలుంటాయి. మన పాత సినిమా పాటలతో ఇంకో చిక్కు. అవి మనుషులు కలిసి వాయించినవి. చరణంలో ఒక వేగం, పల్లవికి వచ్చేసరికి వెంట్రుకవాసి మరో వేగం. యంత్రం వాయించిన పాటలను ఒకసారి కలిపితే చాలాసేపు కలిసే ఉంటాయి. ఈ పాటలను చివరిదాకా చేత్తో కాచుకుంటూ ఉండాలి. "కళ్లు మూసుకో చిన్నమ్మా, చెయ్యి చెవి మాట వింటాది" అనేది మా పిల్ల.

ఆ మాట వింటుంటే నాకు రెండు పనిముట్లు గుర్తొచ్చాయి. ఒకటి ఇసుర్రాయి. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూచుని ఒకే పిడిని పట్టుకుని తిప్పేవాళ్లు. ఒకరు తొందరపడితే రెండోవాళ్ల భుజం పట్టేస్తుంది. రెండోది రోలు. ఒకే రోట్లో రెండు మూడు రోకళ్లు వంతులవారీగా పడాలి. లయ తప్పితే రోకళ్లు ఢీకొంటాయి. రోకళ్లు ఒకదాని తర్వాత ఒకటి పడాలి, రికార్డుల దరువులు ఒకదాని మీద ఒకటి పడాలి. చెవి చేసే పని మాత్రం ఒకటే. పక్కవాళ్ల వేగం విని మన వేగం మార్చుకోవడం. రోకటిపోటును కీర్తించడం నా ఉద్దేశం కాదు. ఆ చాకిరీ ఎంతమంది నడుములు విరిచిందో నాకు తెలుసు, మరబియ్యం వచ్చాక వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. నేను చెప్పేది, ఆ నేర్పు మన ఆడవాళ్ల చేతుల్లో ఉండేదని. రికార్డు తిప్పే యంత్రం ఊళ్లోకి వచ్చినప్పుడు ఆ చేతులను ఎవరూ పిలవలేదని.

మా ఊరు తిరుపతి నుంచి పుత్తూరు పోయే దారిలో ఉంది. 2022 దాకా చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. తమిళ పాట, తెలుగు పాట రెండూ ఒకే పెట్టెలో ఉండే ప్రాంతం. నా చిన్నతనంలో పెళ్లికైనా, ధర్మరాజుల గుడి దగ్గర భారతానికైనా, అప్పలాయగుంట బ్రహ్మోత్సవాలకైనా మైకుసెట్టు రావలసిందే. చింతచెట్టుకో వేపచెట్టుకో కట్టిన బాకాలు, ఒక ఆంప్లిఫయరు, ఒక రికార్డు ప్లేయరు, రేకుపెట్టె నిండా 45 వేగం చిన్న రికార్డులు. మొదట దేవుడి పాట, తర్వాత సినిమా పాటలు. ఒక పాట అయిపోయాక ఇంకోటి పెట్టేదాకా బాకాల్లో గరగర శబ్దం. ఆ ఖాళీ మైకుసెట్టతనిది. చుట్టూ చేరిన మగపిల్లల్లో ఒకడికి అతను ముల్లు పెట్టనిచ్చేవాడు. ఆడపిల్లలకు మాత్రం ఒకటే మాట. "ముట్టుకోవద్దు పాపా, గీతలు పడతాయి."

అదే మైకుసెట్టు సమర్త ఇంటికి కూడా వచ్చేది. ఆడపిల్ల పెద్దమనిషైందని బాకాలు ఊరంతటికీ చెప్పేవి. లోపల ఆ పిల్ల మాత్రం ఓ మూలన, ఏదీ ముట్టుకోకుండా కూచునేది. మన భాషలో నెలసరికీ తాకడానికీ ఒకే మాట ఉండటం కేవలం భాషకు సంబంధించిన విషయం కాదు. ఆ పిల్ల శరీరం గురించి పాట మోగుతుంది, ఆ పాటను ఎన్నుకునే వీలు ఆ పిల్లకు ఉండదు.

తిరుపతి ప్రాంతంలో పుట్టినవాళ్లకు ఇంకో గొంతు తెలియకుండా ఉండదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం ఎల్పీ 1963లో వచ్చింది. దాని మీద వచ్చే రాయల్టీని ఆమె తిరుమల తిరుపతి దేవస్థానానికి ఇచ్చేశారు. గుడిలో తెల్లవారుజామున సుప్రభాతం చదివేది పురుషులు. గుడి బయట లక్షల ఇళ్లలో దేవుణ్ణి లేపింది దేవదాసీ కుటుంబంలో పుట్టిన ఒక స్త్రీ గొంతు. రికార్డు వల్లే అది సాధ్యమైంది. శరీరం నుంచి గొంతును విడదీసిన ఆ యంత్రం, శరీరానికి ప్రవేశం లేని చోట్లకు గొంతును చేర్చింది. ఈ మేలును తక్కువ చేయలేం.

కాని అదే యంత్రం ఇంకో పని కూడా చేసింది. మన తిరునాళ్లలో, జాతరల్లో 'రికార్డు డాన్సు' అనేది ఒకటుంది. రికార్డులు పోయి క్యాసెట్లు వచ్చాయి, క్యాసెట్లు పోయి సెల్‌ఫోన్లు వచ్చాయి, పేరులో మాత్రం రికార్డు మిగిలింది. అక్కడ గొంతు ఒక గాయనిది, వేదిక మీద శరీరం ఇంకో స్త్రీది. పాట పెట్టేది, ఆపేది, ఈలలు వేస్తే మళ్లీ పెట్టేది మగవాడు. పరువు గురించిన చర్చలన్నీ ఆడే అమ్మాయి చుట్టూ తిరుగుతాయి. ఆమె ఏ పాటకు ఆడాలో నిర్ణయించిన చెయ్యి గురించి చర్చ ఉండదు. గొంతు, శరీరం, చెయ్యి అని మూడు ముక్కలు చేసి, మొదటి రెండూ స్త్రీల నుంచి తీసుకుని, మూడోది మాత్రం ఇవ్వలేదు.

ఇది మన ఊళ్లకే పరిమితం అనుకోనక్కర్లేదు. డీజేల చరిత్రలో రెండు టర్న్‌టేబుళ్ల కథ చెప్పేటప్పుడు ప్యారిస్‌లో రెజీన్ జిల్బర్‌బర్గ్ పేరు వస్తుంది. 1953లో విస్కీ ఎ గోగో క్లబ్బులో పాటకూ పాటకూ మధ్య ఖాళీ రాకుండా జ్యూక్‌బాక్సు తీసేసి రెండు టర్న్‌టేబుళ్లు పెట్టింది తానేనని ఆమె చెప్పుకుంది. 2022లో చనిపోయినప్పుడు పత్రికలు ఆమెను నైట్‌క్లబ్బుల రాణి అన్నాయి. రాణి అన్న మాటలో వైభవం ఉంది గాని పనితనం లేదు. 1960ల చివర్లో న్యూయార్క్‌లో ఫ్రాన్సిస్ గ్రాసో దరువు మీద దరువు కలపడాన్ని కళగా నిలబెట్టాడు, ఆ ఘనత అతనిదే. 1972లో టెక్నిక్స్ ఎస్.ఎల్. 1200 వచ్చింది. 1979లో వచ్చిన దాని రెండో రూపంతో వేగాన్ని ఎనిమిదిశాతం అటూ ఇటూ జరిపే మీట స్థిరపడింది. 1980లలో అక్కడే షరాన్ వైట్ పెద్ద క్లబ్బుల్లో రికార్డులు కలిపింది. 1992లో ఇంగ్లండ్‌కు చెందిన స్మోకిన్ జో, డీజే మ్యాగ్ ఎన్నికలో మొదటి స్థానానికి వచ్చింది. స్త్రీలు లేక కాదు, కథ చెప్పేవాళ్లు వాళ్లను పక్క గదిలో కూచోబెట్టారు.

ఇప్పుడు మన పల్లెల్లో డీజే అంటే మనిషి కాదు, గుండెలదిరే స్పీకర్లు పేర్చిన వాహనం. దాని ముందు ఆడవాళ్లు ఆడవచ్చు, దాని మీద ఆడవాళ్లు ఉండటం నేను చూడలేదు. లయ కలపడానికి చెవి కూడా అక్కర్లేదు, ఒక మీట నొక్కితే కంప్యూటరు కలిపేస్తుంది. మరి పాతకాలపు రికార్డులతో ఈ కుస్తీ ఎందుకని నన్ను అడుగుతుంటారు. రికార్డులంటే ముచ్చటపడే ధనిక దేశాల వ్యామోహం మనకెందుకని కూడా అంటారు. అమెరికాలో 2020లో రికార్డుల అమ్మకాల ఆదాయం సీడీలను దాటింది నిజమే. నా కారణం అది కాదు. యంత్రం అన్నీ చేసిపెట్టే కాలంలో వచ్చిన సమానత్వం, నేర్పు ఎవరికి అందకుండా పోయిందో చెప్పదు. ఆ నేర్పును చేత్తో నేర్చుకుంటేనే, మనకు దేన్ని అందనివ్వలేదో వేళ్లకు తెలుస్తుంది. తర్వాతి పాటను ఎన్నుకోవడమంటే పక్కవాళ్ల కాలాన్ని కొద్దిసేపు మన చేతుల్లోకి తీసుకోవడం. అది చిన్న అధికారమే, అయినా అధికారమే.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తుపాకి పట్టిన, రహస్య స్థావరాల్లో వండిపెట్టిన, కబురు మోసిన స్త్రీలను వాళ్ల మాటల్లోనే విన్నాం. సంగీతానికి కూడా అలాంటి వినికిడి కావాలి. పాడినవాళ్ల జీవిత చరిత్రలు కొన్నయినా ఉన్నాయి. గ్రామఫోనుకు కీ ఇచ్చిన కోడళ్లు, మొగుడు పొలం పోయాక రహస్యంగా పెట్టె తెరిచిన మైకుసెట్టు ఇంటి ఆడవాళ్లు ఉండే ఉంటారు. పాట మధ్యలో రికార్డు తీసేసి తమకిష్టమైంది పెట్టుకున్న ఆడపిల్లలూ ఉండే ఉంటారు. మీ ఊళ్లో, మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఏ పాట ఇష్టమని కాదు. ఎప్పుడైనా ముల్లు మీరే పెట్టారా అని అడగండి.