సాలార్‌జంగ్ మ్యూజియం
హైదరాబాదులో మూసీ నది దక్షిణపు ఒడ్డున ఉన్న కళావస్తు ప్రదర్శనశాల. నిజాం సంస్థానంలో దివానుగా పనిచేసిన మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949), ఆయన పూర్వీకులు సేకరించిన వస్తువులు దీనికి పునాది. 1951 డిసెంబరు 16న సాలార్‌జంగుల నివాసమైన దివాన్ దేవిడీలో నెహ్రూ దీన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో ప్రస్తుత భవనానికి మారింది.

ప్రదర్శన మూడు భవనాల్లో ఉంది. మధ్య భవనంలో భారతీయ కంచు విగ్రహాలు, సూక్ష్మచిత్రాలు, వస్త్రాలు, దంతపు పనితనం, ఆయుధాలు ఉన్నాయి. తూర్పు భవనంలో చైనా, జపాన్ కళావస్తువులు, పశ్చిమ భవనంలో ఐరోపా చిత్రాలు, పింగాణీ, గాజు సామాను, గడియారాలు ఉంటాయి.

పల్చని మేలిముసుగును పాలరాతిలోనే చెక్కిన బెంజోనీ శిల్పం 'రెబెకా'ను 1876లో మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్నారు. ఒకవైపు మెఫిస్టోఫిలిస్, మరోవైపు మార్గరెట్టా కనిపించే జంట కొయ్యశిల్పం కూడా ప్రసిద్ధం. మార్గరెట్టాను వెనకనున్న అద్దంలో చూడాలి. సంగీత గడియారంలోని బొమ్మ గంటగంటకూ బయటికి వచ్చి గంట కొడుతుంది. సందర్శకులు ముందే అక్కడికి చేరుకుంటారు. మూడు భవనాలూ తీరిగ్గా చూడటానికి ఒక పూట చాలదు. శుక్రవారం సెలవు.