కొస విచ్చిన అక్షరము

అండమానులోని పోర్ట్ బ్లెయిరు పట్టణమునకు 2024లో శ్రీవిజయపురమని పేరు మారినది. అచటి సెల్యులార్ జైలు నిర్మాణము 1896లో ఆరంభమై 1906లో ముగిసెను. ద్వీపాంతరశిక్షపై వచ్చిన ఖైదీ మెడలో ఒక కొయ్యబిళ్ల వ్రేలాడెడిది. అతని సంఖ్య, శిక్షించిన సెక్షను, శిక్ష పడిన తేదీ, విడుదల కావలసిన తేదీ దానిపై ఉండెడివి. అచట మనిషికి గుర్తు పేరు కాదు, సంఖ్య. 1979 ఫిబ్రవరి 11న ఆ కారాగారము జాతీయస్మారకముగా అంకితమైనది. నేడు దాని నడిమి గోపురములో పాలరాతి ఫలకములపై ఖైదీల పేర్లు కనబడును.

ఇట్టి పనికి ఎట్టి అక్షరము తగును? పుస్తకములో వాక్యములను నడపు సన్నని అక్షరము గోడపై వెలవెలబోవును. గోడపై నిలుచు అక్షరమునకు గీతలో బలము, కొసలో స్పష్టత కావలెను. ఈ రెండు గుణములను అచ్చులోనికి తెచ్చిన రోమన్ లిపిరూపములలో ఆల్బర్టస్ ప్రసిద్ధమైనది.

దాని సృష్టికర్త బెర్తోల్డ్ వోల్ప్ 1905లో జర్మనీలోని ఒఫెన్‌బాఖ్ నగరమున జన్మించెను. అక్షరము చుట్టునున్న కంచును ఉలితో తొలగించి, అక్షరమును ఉబ్బెత్తుగా నిలుపుట అతని విద్య. వెలుపలినుండి లోపలికి చెక్కు ఉలికి వెండ్రుకవంటి అడ్డుగీతలు సాధ్యములు కావు. కనుక గీత దళసరిగా సాగి, కొసయందు మాత్రము మెల్లగా విచ్చుకొనును. 1932లో స్టాన్లీ మారిసన్ కోరికపై మోనోటైప్ సంస్థ కొరకు వోల్ప్ ఆ రూపమును అచ్చునకు అనువుగా మలచుటకు పూనుకొనెను. 13వ శతాబ్దపు పండితుడు ఆల్బర్టస్ మాగ్నస్ పేరు దానికి పెట్టబడినది. 1940 నాటికి ఆ కృషి ఫలించెను.

యూదుడైన వోల్ప్ 1935లో ఇంగ్లండు చేరెను. యుద్ధకాలమున, జర్మను జాతీయుడను కారణముచే, అతనిని ఆస్ట్రేలియాలోని నిర్బంధశిబిరమునకు ఓడలో పంపిరి. పేర్లకు శాశ్వతరూపము కల్పించినవాడే సముద్రము దాటి బందీయయ్యెను. 1941లో తిరిగివచ్చి, ఫేబర్ ప్రచురణసంస్థలో చేరి, 1975 వరకు గ్రంథముల అట్టలను తీర్చెను. ఆ అట్టలపై గ్రంథకర్తల పేర్లు, లండన్ సిటీ వీథుల పేరుపలకలు ఆల్బర్టస్‌ను జనులకు పరిచితము చేసినవి.

ఈ అక్షరమునకు హద్దులును కలవు. చిన్న పరిమాణములో పుటలకొలది కూర్చినచో దాని బరువు కంటికి శ్రమ కలిగించును. నాలుగు మాటలు, ఒక పేరు, ఒక తేదీ: ఇవియే దాని రాజ్యము.

అల్లూరి సీతారామరాజు నడపిన రంప తిరుగుబాటులో (1922–24) శిక్షపడిన మన్యపువారిలో కొందరును అండమానునకు పంపబడిరి. అట్టివారి పేర్లు మోయు రాతిపై లిపి ఏదైనను, దాని ధర్మము ఒక్కటే. దూరమున నిలిచినవాడు తడుముకొనకుండ పేరును చదువగలుగవలెను. కొయ్యబిళ్ల హరించిన దానిని అక్షరము ఆ మేరకే తిరిగి ఇయ్యగలదు.