గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పాడి సంస్థలు: సహకార సంఘం నుంచి ఉత్పత్తిదారుల కంపెనీ దాకా

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి రైతుకు పత్తి, మిరప ఏడాదికొకసారి మాత్రమే ఫలితం తేల్చే పంటలు. 1980ల నడుమ తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టగా, 1987-88 నాటికి ఈ ప్రాంతంలో రైతుల ఆత్మహత్యలు సంభవించాయి. అలాంటి ఏడాదిలో ఇంటికి ఆగకుండా వచ్చే డబ్బు పాడిదే. పాలకేంద్రం పది పదిహేను రోజులకొకసారి చెల్లించే సొమ్ము చిన్నదే అయినా సంసారం దాని మీద నిలుస్తుంది. అందుచేత ఆ సొమ్ము చెల్లించే సంస్థ ఎవరి నిర్ణయాలతో నడుస్తుందనే ప్రశ్నను వాణిజ్యశాస్త్రానికే వదిలివేయలేం. ఈ ప్రాంత సామాజిక చరిత్రలో దానికి చోటు ఉంది.

1970లలో ఆపరేషన్ ఫ్లడ్ వెలుగులో జిల్లా పాల సంఘాలు రూపుదిద్దుకున్నాయి. గుంటూరు జిల్లాలో వడ్లమూడి కేంద్రంగా ఎదిగిన సంగం డెయిరీ వాటిలో ఒకటి. నాటి సంఘాలకు ఆధారం 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం. పేరుకు యజమానులు సభ్యులే. అయితే నిబంధనావళి మార్చుకోవాలంటే రిజిస్ట్రారు ఆమోదం కావాలి. ఎన్నికైన పాలకవర్గాన్ని తొలగించి పర్సన్ ఇన్‌ఛార్జిని నియమించే అధికారమూ ప్రభుత్వం చేతిలోనే ఉండేది. పోటీ లేనంతకాలం ఈ ఏర్పాటు ఎలాగో సాగింది.

1991లో పాడి పరిశ్రమకు లైసెన్సు విధానం తొలగిపోయింది. ప్రైవేటు డెయిరీలు పల్లెల్లోకి వచ్చాయి. ఉదయం పాలు పోసిన రైతు సాయంత్రం మరొక కేంద్రానికి వెళ్లగలిగిన పరిస్థితిలో, ధర సవరించడానికో కొత్త యంత్రం కొనడానికో పైనుంచి అనుమతి కోసం ఎదురుచూసే సంస్థ వెనుకబడక తప్పదు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఈ చిక్కుకు సమాధానంగా వచ్చింది. దేశంలో ఈ తరహా చట్టాల్లో ఇదే మొదటిది. ప్రభుత్వ వాటాధనం ఉండదు. నిబంధనలు సభ్యులవే, పాలకవర్గం సభ్యులదే, నష్టం వస్తే అదీ సభ్యులదే. వాడుకలో ‘మ్యాక్స్’గా కుదించుకుపోయిన ఈ చట్టం పేరులో ‘పరస్పర’ అన్న మాటే అసలు విషయం చెబుతుంది. 1997లో సంగం డెయిరీ ఈ చట్టం కిందికి మారింది.

తర్వాతి దశాబ్దంలో అనిశ్చితి మార్కెట్టు నుంచి కాక శాసనం నుంచి ఎదురైంది. 2006లో ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా, ఆపై చట్టసవరణ ద్వారా పాల సంఘాలను 1995 చట్టం పరిధి నుంచి తప్పించి తిరిగి 1964 చట్టం కిందికి తెచ్చింది; అదీ గతకాలం నుంచి వర్తించేటట్లు. 2007లో హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. సభ్యులు తమంతట తాము ఎంచుకున్న సంఘాన్ని, వారి సమ్మతి లేకుండా మరొక స్వభావం గల సంఘంగా మార్చడం రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణానికి విరుద్ధమని న్యాయస్థానం భావించింది. పాలన అంటే లెక్కల తనిఖీ, సమావేశాల నిర్వహణ మాత్రమేనని తలచేవారికి ఈ తీర్పు ముఖ్యమైన పాఠం. సంస్థ తన రూపాన్ని మార్చుకోవచ్చు, అయితే ఆ మార్పు చేసేది సభ్యులే కావాలి.

ఆ రూపం మరోసారి మారింది. 2002లో కంపెనీల చట్టానికి చేర్చిన ‘ఉత్పత్తిదారుల కంపెనీ’ భాగం సహకార నీతిని కంపెనీ చట్రంలోకి తెచ్చింది. వ్యక్తులే సభ్యులైన చోట ఎన్ని వాటాలున్నా ఒక్కొక్కరికి ఒక్క ఓటే. వాటాలు స్టాక్ మార్కెట్టుకు వెళ్లవు. డైరెక్టర్లు ఐదుగురికి తగ్గకూడదు, సాధారణంగా పదిహేను మందికి మించకూడదు. 2013లో సంగం డెయిరీ ఈ రూపం తీసుకుంది. రైతు ఇక్కడా ‘సభ్యుడే’, మామూలు కంపెనీలో మాదిరి వట్టి ‘వాటాదారు’ కాడు. చట్టభాషలోని ఈ భేదం చిన్నదిగా కనిపించినా, లాభం పంచుకోవడంలో పోసిన పాలను లెక్కలోకి తీసుకోవడానికి మూలం అక్కడే ఉంది.

కేవలం రూపం రక్షిస్తుందా? పొరుగునే ఉన్న ఒంగోలు డెయిరీ చరిత్ర ఆ నమ్మకానికి అడ్డు తగులుతుంది. అదీ కంపెనీ రూపంలోకి వచ్చింది. అయినా 2010ల చివరికి రైతులకు పాల బకాయిలు చెల్లించలేని స్థితికి చేరింది. ప్రభుత్వం వేలు పెట్టకపోవడం ఒక షరతు మాత్రమే. అప్పు ఎందుకు పెరుగుతోందని సర్వసభ్య సమావేశంలో నిలదీసే సభ్యులు ఉండటం రెండవ షరతు. దాన్ని ఏ చట్టమూ సమకూర్చలేదు. స్వేచ్ఛ లభించిన సంస్థల చరిత్ర రాసేవారు తరచు మొదటి షరతు దగ్గరే ఆగిపోతారు.

2021 ఏప్రిల్‌లో సంగం డెయిరీ నిర్వహణను ఆంధ్రప్రదేశ్ పాడి అభివృద్ధి సంస్థకు అప్పగిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు జారీ చేసింది. మే నెలలో హైకోర్టు దాని అమలును నిలిపివేసింది. రోజువారీ కార్యకలాపాలు డైరెక్టర్లే నడపవచ్చని, ఆస్తులు అమ్మదలిస్తే మాత్రం న్యాయస్థానం అనుమతి తీసుకోవాలని ఆదేశించింది.