తిప్పమీది పచ్చదనం: ఖర్చు యెవరిది?

బొగ్గుగని తిప్పమీద గడ్డి మొలిపించడం శాస్త్రానికి తీరని చిక్కేమీ కాదు. వాలు తగ్గించి, నీటికి కాలువలు తీసి, గంధకపు ఖనిజాలవల్ల పుట్టే ఆమ్లాన్ని సున్నంతో విరిచి, నత్రజనిని నిలిపే మొక్కలు నాటితే గుట్ట క్రమంగా పచ్చబడుతుంది. చరిత్ర అడగవలసిన ప్రశ్న వేరు: ఆ ఖర్చు యెవరు భరించారు?

వేల్స్‌లోని అబెర్‌ఫాన్ సంగతి చూడండి. 1958లో అక్కడ యేడవ తిప్పను నీటిబుగ్గలమీద పోయడం మొదలుపెట్టారు. బడి వెనుక ప్రమాదం పొంచివుందని 1963లోనే స్థానిక ఇంజనీరు హెచ్చరించాడు. 1966 అక్టోబరు 21న తిప్ప జారింది. 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలు. తప్పు జాతీయ బొగ్గు బోర్డుదేనని 1967లో విచారణసంఘం తేల్చింది. అయినా మిగిలిన తిప్పల తొలగింపుకు, ప్రజలు చందాలిచ్చిన సహాయనిధినుండే 1968లో 1,50,000 పౌండ్లు తీసుకున్నారు! ఆ అసలు 1997లో గాని తిరిగి రాలేదు; వడ్డీ ఆనాడు రానేలేదు.

ఆ గనులు 1947లో జాతీయం చేయబడినవే గదా అని కొందరంటారు. జాతీయీకరణను సమర్థించే నేను యీ ప్రశ్నను దాటవేయలేను. యాజమాన్యం మారినా కొండకింద బ్రతికేవారి మాట చెల్లకపోతే, మార్పు సగంలోనే ఆగిపోయిందన్నమాట.

మన గోదావరి లోయలోనూ ఓపెన్‌కాస్టు గనుల మట్టిగుట్టలమీద మొక్కలు నాటుతున్నారు. నాటవలసిందే. కాని ఆ పచ్చదనాన్ని మెచ్చుకొనేముందు గుట్టకింది వూరివారిని కూడా అడుగుదాం.