వంశవృక్షానికి శాసనాల గీటురాయి

తమిళదేశంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామంది ఇళ్ళలో ఒక వంశవృక్షం పదిలంగా ఉంటుంది. తాటాకు నుంచి నోటుపుస్తకానికీ, నోటుపుస్తకం నుంచి అచ్చుకాగితానికీ ఎక్కిన ఆ పట్టికలో మొదటి పేరు తరచుగా ఏ విజయనగర సేనానిదో, మధురకు విశ్వనాథనాయకుని వెంట వచ్చిన ఏ వీరునిదో అయి ఉంటుంది. మాతృభూమికి దూరంగా బ్రతికే జాతికి ఇటువంటి పట్టిక కేవలం పేర్ల వరుస కాదు. ‘ఎక్కడివారము, ఎవరివారము’ అనే ప్రశ్నకు అది సమాధానం. అందుచేతనే దానిని పరీక్షించకుండా స్వీకరించడం ప్రమాదకరం. తప్పుడు పట్టిక ఒకసారి అచ్చయితే రాబోయే తరాలకు అదే ప్రమాణమై కూర్చుంటుంది. నిజమైన పూర్వికులు దాని క్రింద మరుగున పడిపోతారు.

వంశావళిని చేతబట్టిన పరిశోధకుడు మొదట అడగవలసినది ‘ఇందులో ఎవరున్నారు?’ అని కాదు, ‘దీనిని ఎవరు, ఎప్పుడు, ఎందుకు వ్రాశారు?’ అని. ఇందుకు వేంగీ చాళుక్యుల చరిత్రే చక్కని పాఠం. 7వ శతాబ్దిలో రాజ్యం స్థాపించిన కుబ్జ విష్ణువర్ధనుని కాలం నుంచి వచ్చిన తొలి తామ్రశాసనాలు తండ్రి, తాతల పేర్లతో, కొద్దిపాటి బిరుదులతో సరిపెట్టుకొన్నాయి. 11వ శతాబ్దిలో విమలాదిత్యుని రణస్తిపూడి శాసనం నాటికి వంశం బ్రహ్మ నుంచి, చంద్రుని నుంచి మొదలయింది. అయోధ్యలో ఏలిన 59 మంది చక్రవర్తులు అందులోకి వచ్చి చేరారు. కాలం ముందుకు నడిచేకొద్దీ వంశం వెనుకకు పెరిగిందన్నమాట. సంఘటనకు దగ్గరగా ఉన్నవారికి తెలియని ముత్తాతలు నాలుగువందల ఏళ్ళ తరువాతి వారికి తెలిశారంటే, అది జ్ఞాపకం కాదు, కల్పన. ఇళ్ళలోని వంశవృక్షాలకూ ఈ సూత్రమే వర్తిస్తుంది. పాత ప్రతిలో లేని పై కొమ్మలు కొత్త ప్రతిలో కనిపిస్తే అవి ఎక్కడి నుంచి వచ్చాయో తేల్చుకోవాలి.

రెండవ సూత్రం, ఒక సాక్షిని మరొక సాక్షితో పోల్చడం. కాకతీయుల తొలి పురుషుల విషయంలో చరిత్రకారులు చేసినది ఇదే. చాళుక్య దానార్ణవుడు 956లో ఇచ్చిన మాగల్లు శాసనంలో కాకర్త్య గుండ్యన, అతని పూర్వికులు కనిపిస్తారు. గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్దిలో వేయించిన బయ్యారం చెరువు శాసనం వెన్ననృపుని మొదలుకొని మరొక వరుస చెబుతుంది. గుండ, ఎర్ర, బేత అనే పేర్లు రెండింటిలోనూ ఉన్నాయి. వరుస మాత్రం పూర్తిగా కలియదు. కలిసినంత మేరకు వంశం దృఢపడింది. కలియని చోట వివాదం వివాదంగానే నిలిచింది. ఇక గణపతిదేవుని మోటుపల్లి శాసనం ఆ వంశాన్ని సూర్యవంశానికి, శ్రీరామునికి ముడిపెట్టగా, ఆయన సేనాని మల్యాల గుండని శాసనాలు కాకతీయులను చతుర్థ కులజులుగానే పేర్కొన్నాయి. ఒకే ప్రభువు కాలంలో రెండు మాటలు వినిపించినప్పుడు, వాటిలో గొప్పను పెంచే మాటకు ఎక్కువ ఋజువు కావాలి.

మూడవది లెక్క. బస్తరు రాజులు తాము కాకతి ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుని సంతతి అని చెప్పుకొన్నారు. ఓరుగల్లు పతనం 1323లో జరిగింది. ఆ వంశక్రమాన్ని చెప్పే దంతేవాడ శాసనం 1703 నాటిది. ఆ 380 సంవత్సరాలకు అందులో కనిపించేవి ఎనిమిది తరాలే. అంటే తరానికి దాదాపు 47 సంవత్సరాలు! సామాన్యంగా తరానికి 25 నుంచి 30 సంవత్సరాలని లెక్కిస్తారు. కనుక ఆ పట్టికలో పేర్లు జారిపోయి ఉండాలి, లేదా మొదటి ముడియే తరువాత వేసినదై ఉండాలి. ఈ లెక్కనే 1529 ప్రాంతంలో మధురకు వచ్చిన విశ్వనాథనాయకుని కాలానికి అన్వయిస్తే, నాటి నుంచి నేటికి పదహారు మొదలు ఇరవై తరాలు ఉండాలి. ఏడెనిమిది పేర్లతో ఆయన పరివారాన్ని చేరుకొనే వంశవృక్షంలో సగానికి పైగా కొమ్మలు లేవన్నమాటే. అట్టి కుటుంబం నాయకరాజుల నాడు రాలేదని దీని అర్థం కాదు. ఆ పట్టిక దానిని ఋజువు చేయజాలదని మాత్రమే అర్థం.

తెలుగునాట తాత పేరు మనుమనికి పెట్టే ఆచారం మరొక చిక్కు. వేంగీ చాళుక్యులలో విష్ణువర్ధన, విజయాదిత్య నామాలు మళ్ళీ మళ్ళీ వచ్చినట్లే, ఇళ్ళలోనూ వెంకటప్ప కొడుకు రామప్ప, అతని కొడుకు మరల వెంకటప్ప అవుతారు. వ్రాయసగాడు ఇద్దరు వెంకటప్పలను ఒకరిగా కలిపివేస్తే రెండు తరాలు మాయమవుతాయి. ఒకరినే ఇద్దరుగా వ్రాస్తే లేని తరం పుట్టుకొస్తుంది. దత్తత మరొక మెలిక. దత్తపుత్రుని గోత్రం మారుతుంది, ఇంటిపేరూ మారవచ్చు. ఇంటిపేర్లలో అనేకం ఊరి పేర్ల నుంచి వచ్చినవి కనుక ఒకే ఊరు విడిచిన, ఏ చుట్టరికమూ లేని రెండు కుటుంబాలకు ఒకే ఇంటిపేరు ఉండవచ్చు. పేరు కలిసినంత మాత్రాన రక్తసంబంధం కలిసినట్లు కాదు.

స్త్రీల పేర్లు లేకపోవడం పట్టికలలో పెద్ద వెలితి. రుద్రమదేవి గణపతిదేవుని భార్య అని మార్కోపోలో వ్రాశాడు. అతడు దాదాపు సమకాలికుడే. అయినా ఆమె ఆయన కుమార్తె అని శాసనాలు తేల్చాయి. పరాయివాడు వినికిడితో వ్రాసిన మాటకన్న ఇంటివారు రాతిపై చెక్కించిన మాట ఇక్కడ నిలిచింది. ప్రతాపరుద్రుడు ఆమెకు కూతురి కొడుకు. పురుషుల పేర్లు మాత్రమే వ్రాసే పట్టికలో ఆ వంశం గణపతిదేవునితోనే తెగిపోయేది.

వ్రాసినవారి ప్రయోజనం కూడా ఆలోచించదగినది. 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయ పద్ధతి కాలంలో కంపెనీ ప్రభుత్వం ముందు తమ హక్కు పాతదని చూపడం పాళెగాళ్ళకు, జమీందారులకు అవసరమయింది. ఆ దశాబ్దాలలోనే కల్నల్ మెకంజీ, ఆయనకు కుడిభుజమైన కావలి సోదరులు గ్రామగ్రామాన కైఫీయతులు, వంశావళులు సేకరించారు. వాటిలో కరణాల దండకవిలెల విలువైన సమాచారమూ ఉంది, పుక్కిటి పురాణమూ ఉంది. కూటశాసనాలు కూడా తక్కువ కావు. ఫ్లీటు పండితుడు 1901లో వాటి జాబితానే ప్రకటించాడు. చెప్పిన తిథికి వారం కుదరకపోవడం, చెప్పిన కాలానికి లిపి సరిపోకపోవడం వాటి గుర్తులు. 12వ శతాబ్దిదని చెప్పే ప్రతిలో ‘ఇనాము’, ‘సనదు’ వంటి మాటలు కనిపిస్తే అనుమానించక తప్పదు.

మరి నమ్మదగినవి ఏవి? నేటి నుంచి వెనుకకు, ఒక్కొక్క మెట్టుగా వెళ్ళడమే క్షేమం. జనన మరణ నమోదులు, ఆస్తి దస్తావేజులు, భాగపరిష్కార పత్రాలు మొదటి మెట్లు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను తయారుచేయించిన రిజిస్టర్లలో మొదట ఇనాము పొందినవారి పేరు, నాటి అనుభవదారు పేరు దొరుకుతాయి. గుడి గోడలపై దానశాసనాలు మరొక సాక్ష్యం. డెబ్బై అయిదేళ్ళ పాఠశాల ప్రవేశ పట్టిక కూడా చిన్న సాక్షి కాదు. ఒకే కుటుంబంలోని మూడు తరాలు అందులో ఉండవచ్చు. అయితే అందులోని పుట్టినతేదీ బడిలో చేర్చుకొనే సౌలభ్యం కొరకు ఉజ్జాయింపుగా వేసినదీ కావచ్చు. కనుక ఆ సాక్షినీ ప్రశ్నించక తప్పదు.

ఇట్లు వడపోసిన వంశవృక్షంలో ఋజువైన పేరును సిరాతోను, విన్న పేరును పెన్సిలుతోను వ్రాసి, ప్రతి పేరు ప్రక్కన ఆధారం గుర్తించాలి. తెలియని చోట ఖాళీ విడువడం పూర్వికులకు అపచారం కాదు. నలుగురు పెద్దలు అనుకొన్న మాటలను వారు జీవించి ఉండగానే వ్రాసి పెట్టుకోవడం మాత్రం అత్యవసరం. ఇరవై తరాల కల్పిత వైభవం కన్న, కావేరి ఒడ్డున కాలువ త్రవ్వి, కాపురం పెట్టి, బిడ్డలకు తెలుగక్షరాలు దిద్దించిన అయిదు తరాల నిజమైన మనుష్యుల పేర్లు నేటి విద్యార్థికి ఎక్కువ సంపద.