జాతికి స్త్రీ రూపం: ఫ్రెంచి విప్లవకాలపు చెక్కడాలు

1792 సెప్టెంబరు 21న ఫ్రాన్సు జాతీయ కన్వెన్షన్ రాచరికాన్ని రద్దు చేసింది. అప్పటివరకు అధికార ముద్ర మీద ఉన్నది రాజు రూపమే. ఇక జాతికి ఏ రూపం ఇవ్వాలి? ప్రాచీన దుస్తుల్లో నిలబడిన స్త్రీ రూపాన్ని కన్వెన్షన్ ఎంచుకుంది. ఆమె కుడి చేతిలో బల్లెం, దాని కొసన టోపీ. ఎడమ చెయ్యి కర్రల మోపు మీద ఆని ఉంటుంది.

ఒక భావాన్ని ఇలా మనిషి రూపంలో పరోక్షంగా చెప్పడమే అన్యాపదేశం. నియోక్లాసికల్ కళాకారులు దీనికి కావలసిన గుర్తులను గ్రీకు, రోమన్ ప్రాచీనత నుంచి తీసుకున్నారు. రోములో విముక్తి పొందిన బానిస ధరించే టోపీ స్వేచ్ఛకు, కట్టిన కర్రల మోపు ఐక్యతకు గుర్తులయ్యాయి. రాగి రేకు మీద ఒకసారి చెక్కితే వందల ప్రతులు అచ్చు వేయవచ్చు. అందువల్ల ఇటువంటి బొమ్మలు చదువు రానివారికీ చేరాయి.

అయితే బొమ్మకూ వాస్తవానికీ ఉన్న దూరాన్ని గమనించండి. 1793 అక్టోబరు 30న కన్వెన్షన్ మహిళా సంఘాలను నిషేధించింది. స్త్రీల హక్కుల ప్రకటన రాసిన ఒలింప్ ద గూజ్‌కు నవంబరు 3న గిలెటిన్‌పై మరణశిక్ష అమలైంది. ఆ నెలలోనే చిత్రకారుడు డేవిడ్ ప్రజలకు ప్రతీకగా హెర్క్యులీస్ వంటి మహావిగ్రహాన్ని ప్రతిపాదించాడు. తరువాత డుప్రే చెక్కిన 5 ఫ్రాంకుల నాణెం మీద హెర్క్యులీస్ నడుమ నిలిచాడు. స్వేచ్ఛ, సమానత్వం అనే స్త్రీమూర్తులు ఆయనకు చెరో పక్కన చేరారు.

ఫ్రాన్సు స్త్రీలకు ఓటు హక్కు 1944లో గాని రాలేదు. కాబట్టి ఇటువంటి చెక్కడాన్ని పరిశీలించేటప్పుడు అందులో ఎవరి రూపం ఉన్నదో చూసి ఆగకండి. ఆ రూపం గలవారికి రాజ్యంలో చోటు ఉన్నదా అని కూడా అడగండి.