మన ప్రాణహిత ఒడ్డు డైనోసార్: తల దొరకని కథ

ఇవాళ్టి ముచ్చట మంథనిలో మొదలై, హైదరాబాద్ పోయి, మళ్ళా మన నది ఒడ్డుకే వస్తది. చివరిదాకా ఉండండి.

మొన్న సెలవుల్లో అక్క, బావ, పిల్లలతో కలిసి హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియంకి పోయినం. నౌబత్ పహాడ్ మీద, బిర్లా మందిర్ దగ్గరే ఉంటది. అక్కడ 1985లో ప్లానెటోరియం, 1990లో మ్యూజియం వచ్చినయి. బటన్లు నొక్కుడు, అద్దాల ముందు వంకర మొహాలు చూసుకునుడు, పిల్లలకు పండుగే. చిన్నోడు మాత్రం పొద్దున్నుంచి ఒకటే పాట: "మామా, చేపలెప్పుడు చూపిస్తవ్?" వాడికి అక్వేరియం కావాలె.

అట్ల తిరుగుకుంట డైనోసారియంలోకి వచ్చినం. 2000లో తెరిచిన గది అది. నడుమ ఒక పెద్ద అస్థిపంజరం. వాడు నోరు తెరిచి, "ఇది అమెరికాది కదా మామా?" అన్నడు.

కాదురా అల్లుడా. ఇది మన పక్కూరిది.

దీని పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. యామన్‌పల్లి అంటే అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని ఊరు. 1970ల చివర్లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు అక్కడ తవ్వితే 840 ఎముక భాగాలు దొరికినయి. ఒక్క జంతువువి కాదు, కనీసం 12 జంతువులవి. 1988లో పి. యాదగిరి అనే శాస్త్రవేత్త దీనికి పేరు పెట్టిండు. వయసు సుమారు 18 కోట్ల ఏండ్లు. పొడుగు మెడ, పొడుగు తోక, తినేది మాత్రం ఆకులే.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. అన్ని ఎముకలు దొరికినా, దీని తల దొరకలేదు. రెండు పళ్ళు మాత్రమే మిగిలినయి. అంటే మీరు ఏ బొమ్మలో కోటసారస్ మొహం చూసినా, అది దాని చుట్టాల తలలను బట్టి వేసిన అంచనా అన్నమాట.

దీనికంటే ముందు ఇంకోటి దొరికింది. ప్రాణహిత–గోదావరి లోయలోనే, పోచంపల్లి అనే ఊరి దగ్గర. చీరల పోచంపల్లి కాదు, అది వేరు. 1958 నుంచి 1961 దాకా కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు అక్కడ తవ్విన్రు. తొడ ఎముక ఒక్కటే దాదాపు 1.7 మీటర్లు, అంటే మనిషంత ఎత్తు! బెంగాలీలో 'బరా' అంటే పెద్ద, 'పా' అంటే కాలు. అందుకే బరాపాసారస్. 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం కాబట్టి పూర్తి పేరు బరాపాసారస్ టాగోరీ. 1975లో ఆ పేరు లోకానికి ప్రకటించిన్రు. ఇప్పుడది కలకత్తాలో ఉంది. దానికీ తల లేదు!

ఎందుకు ఇట్ల? బరాపాసారస్ ఎముకలతో పాటు రాయిగా మారిన పెద్ద పెద్ద చెట్ల మానులు కూడా దొరికినయి. పెద్ద వరద వచ్చి చెట్లను, జంతువులను ఒక్కచోటికి తోసి ఉంటదని పరిశోధకుల ఊహ. ఈ జాతుల్లో తల చిన్నది, మెడకు గట్టిగా అతుక్కుని ఉండదు. కళేబరం కుళ్ళంగనే మొదట ఊడేది అదే. 2022 జులైలో గోదావరి వరద మంథనిలోకి వచ్చింది యాదికుందా? వరద ఏం చేస్తదో మనకు ఇంకొకరు చెప్పాల్నా?

సరే, మరి చిన్నోడి చేపలు?

అవి కూడా ఉన్నయి! ప్రాణహిత ఆవలి ఒడ్డున, సిరోంచ వైపు కోట అనే ఊరుంది. కోటసారస్‌లో 'కోట' ఆ ఊరి పేరుతో పిలిచే రాతిపొరల నుంచి వచ్చిందే. అక్కడి సున్నపురాయిలో చేపలు అచ్చులెక్క ముద్రపడి ఉన్నయి. మెరిసే, మందమైన పొలుసుల చేపలు. అందులో ఒకదానికి 1851లోనే ఎగర్టన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 'లెపిడోటస్ దక్కనెన్సిస్' అని పేరు పెట్టిండు. మన దక్కన్ పేరే! అంటే తెలుగు నేల దాటిన కోట ఒడ్డు ఒకప్పుడు మంచినీళ్ళ చెరువులున్న చోటు. కోట్ల ఏండ్ల కిందటి అక్వేరియం, రాయిలో భద్రంగా ఉంది.

నాకు బాధైంది ఏందంటే, లండన్‌కు 1851లో తెలిసిన ముచ్చట నాకు డిగ్రీ అయినంక తెలిసింది. కాళేశ్వరం సంగమానికి ఎన్నిసార్లు పోయినం! నీళ్ళు చూసినం, గుడి చూసినం, రాళ్ళను చూడలేదు. ఎముకలు హైదరాబాద్, కలకత్తా పోవుడు తప్పు కాదు, అక్కడ భద్రంగున్నయి. కానీ కథ కూడా వాటితోనే ఊరు విడిచిపోయింది. కథ తెల్వకపోతే రాయి ఉత్త రాయే. గోడలోకి పోతది, కంకరైతది.

అందుకే ఒక్క మాట. మీ చేను దగ్గర, వాగులో, ఎముకలెక్కనో చేపలెక్కనో కనిపించే రాయి దొరికితే పగలగొట్టకండి, ఇంటికి తేకండి. ఫోన్ మీ చేతిలోనే ఉంది. పక్కన స్కేలో పెన్నో పెట్టి ఫొటో తీయండి, లొకేషన్ సేవ్ చేయండి, మీ సైన్స్ సార్‌కో, జియలాజికల్ సర్వే వాళ్ళకో చెప్పండి. ఎముక ఎక్కడ, ఏ పొరలో ఉందో తెలిస్తేనే దాని వయసు తెలుస్తది.

తిరుగు బస్సులో చిన్నోడు కిటికీలోంచి చూసుకుంట అడిగిండు: "మామా, ఆ తల ఇంకా అక్కడ్నే ఉందా?"

ఉండొచ్చురా. వెతికేటోళ్ళు కావాలె. మళ్ళీ కలుద్దాం, ఉంటా మరి.